తెనాలిలో మామయ్య ఎక్స్‌రే గది

రేపల్లె పాసింజరు తెనాలిలో ఆగగానే, దిగేవాళ్ళలో మా మామయ్య దగ్గరికి వచ్చేదెవరో నాకు ఇట్టే తెలిసిపోయేది. మెడలో కండువా ముడేసి అందులో చెయ్యి పెట్టుకున్న రైతు, ఇద్దరి భుజాల మీద బరువంతా వేసి ఒంటికాలితో గెంతుకుంటూ వచ్చే కుర్రాడు, ఒక చేత్తో నడుం పట్టుకుని రెండో చేత్తో మనవణ్ణి పట్టుకున్న ముసలమ్మ. వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లెకోనల్లో ఎక్కి వచ్చేవాళ్ళు. కృష్ణకి అవతల దివిసీమ వాళ్ళయితే పెనుమూడి రేవు దాటి రేపల్లెలో రైలెక్కేవాళ్ళు. అప్పటికక్కడ వంతెన లేదు. ఇటు మద్రాసు లైను మీద బాపట్ల, అప్పికట్ల, నిడుబ్రోలు నుంచి ఇంకొందరు. ఇదంతా 1970ల మాట. మా ఇల్లు స్టేషనుకి దగ్గర. సెలవు రోజుల్లో మామయ్యకి క్యారేజీ పట్టుకెళ్ళే పని నాదే కాబట్టి, దిగినవాళ్ళ వెనకే నేనూ నడిచేదాన్ని.

మామయ్య గుంటూరు పెద్దాసుపత్రిలో పని నేర్చుకుని వచ్చి, బోసు రోడ్డు పక్క సందులో ఒక నర్సింగ్ హోములో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేరాడు. ముందు గదిలో బల్ల, దాని మీద పైనుంచి దిగే ట్యూబు, మూలన సీసపు అప్రాన్. వెనక గది పూర్తిగా చీకటి. తలుపుకి నల్లగుడ్డ రెండు పొరలు, లోపల ఒకటే ఎర్రబల్బు. మీట నొక్కేటప్పుడు నన్ను గోడ అవతలికి పంపేసేవాడు, ఆ విషయంలో బతిమాలినా వినేవాడు కాదు. ఫిల్ము కడిగేటప్పుడు మాత్రం రానిచ్చేవాడు. నా చిన్నతనమంతా ఆ చీకటిగదిలోనే ఉందనిపిస్తుంది నాకు.

ఎర్రవెలుగులో క్యాసెట్ విప్పి, ఫిల్ముని అంచులు మాత్రమే పట్టుకుని స్టీలు హ్యాంగరుకి నాలుగు మూలలా బిగించేవాడు. డెవలపర్ తొట్టిలో ముంచి, గడియారం చూస్తూ మధ్యమధ్య కదిపేవాడు. ఆ మందు ఇరవై డిగ్రీల దగ్గరుంటే ఐదు నిమిషాలు పట్టాలి. తెనాలి మే నెలలో ఇరవై డిగ్రీలు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఐసు ఫ్యాక్టరీ నుంచి రంపప్పొట్టు అంటిన గడ్డ తెప్పించి తొట్టి చుట్టూ వేసేవాడు. మందు వేడెక్కితే ఫిల్ము మసకబారిపోతుంది, అప్పుడు ఆ మనిషికి మళ్ళీ కిరణాలు పెట్టాలి. "ఐసుకి డబ్బు దండగ అనుకోకూడదే అమ్మలూ, ఇంకోసారి కిరణం తగలడం కంటేనా" అనేవాడు. తర్వాత నీళ్ళలో జాడించి, బొమ్మని నిలబెట్టే హైపోలో వేసేవాడు. పాలు కలిసినట్టున్న ఫిల్ము నెమ్మదిగా తేరుకుని, నల్లటి నేపథ్యం మీద తెల్లటి ఎముక నిలిచేది. ఆ పులిసిన హైపో వాసన చొక్కాకి పట్టి, మామయ్య ఇంటికొచ్చాక కూడా వదిలేది కాదు. వాడేసిన హైపోలో వెండి ఉంటుంది. ఆ వెండి కోసం డబ్బాలతో కొనుక్కుపోయే మనుషులు కూడా వచ్చేవాళ్ళు.

ఒకసారి కాలవ మెట్ల మీద జారి, అరచెయ్యి ఆనించి పడ్డాను. మణికట్టు వాచింది. మామయ్య రెండు చేతులకీ తీశాడు. దెబ్బ తగలని చెయ్యెందుకో నాకు అర్థం కాలేదు. ఫిల్ములు రెండూ లైటు పెట్టె మీద పక్కపక్కన పెట్టి చూపించాడు. నా వేళ్ళ ఎముకలు ఒకదానికొకటి అంటుకుని లేవు! ప్రతి ఎముక చివరా సన్నటి నల్లగీత, దాని అవతల చిన్న బిళ్ళలాంటి ముక్క. ఎముకలన్నీ విరిగిపోయాయనుకుని ఏడ్చాను. "అది విరగడం కాదు. నువ్వింకా ఎదుగుతున్నావు. అక్కడున్నది మృదులాస్థి, ఎముకగా మారే ముందు దశ. దానికి సున్నం పట్టలేదు గనక ఈ ఫిల్ములో పడదు. రెండో చేతిలోనూ ఆ గీతలు అట్లాగే ఉన్నాయా లేదా చూడు" అన్నాడు. ఉన్నాయి. పిల్లలకి రెండు వైపులా తీసి పోల్చుకునేది అందుకే.

దాంతో ఆగలేదు. ఫిల్ములో ఏమీ లేదని తెలిసినా, బొటనవేలు చాపినప్పుడు దాని మొదట్లో పడే గుంటలో వేలు పెట్టి నొక్కాడు. కెవ్వుమన్నాను. డాక్టరు గారితో మాట్లాడి పిండికట్టు వేయించాడు. రెండు వారాలకి కట్టు విప్పి మళ్ళీ తీస్తే, మణికట్టులో చిన్న ఎముకకి అడ్డంగా గీత కనిపించింది. మొదటిరోజు ఆ చీలిక సన్నం. తర్వాత శరీరమే చీలిక అంచుల్ని కొంత కరిగించుకుంటుంది, అప్పుడది ఫిల్ముకి తెలుస్తుంది. స్కాఫాయిడ్ అనే ఆ ఎముక సంగతి ఇప్పటికీ ఇంతే. మొదటి ఎక్స్‌రే శుభ్రంగా ఉందని వదిలేస్తే, రక్తం సరిగా అందక అతుక్కోకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది. ఇవాళ రెండు వారాలు ఆగలేకపోతే ఎంఆర్‌ఐ తీస్తారు, మొదటి రోజుల్లోనే దొరికిపోతుంది.

వచ్చినవాళ్ళు ఎప్పుడూ ఒకటే అడిగేవాళ్ళు, "ఒక బొమ్మ చాలదా, రెండెందుకయ్యా?" అని. మామయ్య దానికి తోలుబొమ్మలాట చెప్పేవాడు. దీపం వెనకుంటుంది, తెర ముందుంటుంది, మనం చూసేది బొమ్మని కాదు, నీడని. ఎదురుగా వచ్చినవాడి నీడలో వాడి ముక్కెంత పొడుగో తెలియదు, పక్కకి తిరిగితేనే తెలుస్తుంది. విరిగిన ఎముక ముందుకి జరిగిందా వెనక్కి జరిగిందా అన్నదీ అంతే. ఇంత తేటగా చెప్పిన పాఠం నాకు తర్వాత ఏ మెడికల్ కాలేజీ పుస్తకంలోనూ దొరకలేదు.

ఎముక తెల్లగా ఎందుకు పడుతుందన్నది మాత్రం నేను పెద్దయ్యాకే నేర్చుకున్నాను. ఎముకలో కాల్షియం ఉంది, దాని పరమాణు సంఖ్య 20. కండలో ఎక్కువగా ఉండే ఆక్సిజన్‌ది 8, కార్బన్‌ది 6. ఎక్స్‌రే కిరణాన్ని పీల్చుకునే సత్తా ఆ సంఖ్య ఘనం లెక్కన పెరుగుతుంది, కాబట్టి ఎముక ముందు కండ ఆనదు. గాలి, కొవ్వు, నీరు, ఎముక, లోహం అని ఐదే ఐదు రకాలు విడదీయగలదు ఎక్స్‌రే. కండ, స్నాయువు, లిగమెంటు, నరం, రక్తం అన్నీ దానికి నీటి కిందే లెక్క. 1895లో ఈ కిరణాల్ని కనుక్కున్న రాంట్‌జెన్ తన భార్య చేతికి తీసిన బొమ్మలోనూ స్పష్టంగా పడ్డవి వేలి ఎముకలు, ఉంగరం.

నా మనసులోంచి పోని ఫిల్ము ఒకటుంది. బాపట్ల అవతల సముద్రం వైపు ఊళ్ళో కల్లుగీసే మనిషి తాటిచెట్టు మీంచి పడ్డాడు. తలుపు చెక్క మీద పడుకోబెట్టి తీసుకొచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయేమో. కాళ్ళు రెండూ చచ్చుబడి ఉన్నాయి, చీమ కుట్టినా తెలిసేట్టు లేదు. మామయ్య అతన్ని కదపకుండా, క్యాసెట్‌ని పక్కన నిలబెట్టి తీశాడు. నడుముకి పైన ఒక వెన్నుపూస ముందువైపు కొంచెం నలిగింది. అంతే. అతని భార్య లైటు పెట్టె దగ్గరికి వచ్చి, "ఎముక కొంచెమే గదా నలిగింది, మరి కాళ్ళెందుకు ఆడట్లా బాబూ?" అని అడిగింది. మామయ్య వెన్నుపూసల వెనక వేలు పెట్టి, "ఇందులోంచి వెన్నుపాము పోతుందమ్మా. దానికి ఏమైందో ఈ మిషను చూపించలేదు" అన్నాడు. అక్కడ ఉన్నది బూడిదరంగు ఖాళీ. ఆమె చాలాసేపు ఆ ఖాళీ వంకే చూసింది. గుంటూరు పంపించారు. తర్వాత ఏమైందో మాకు తెలియలేదు.

ఆ రోజుల్లో ఆ ఖాళీలోకి చూడాలంటే ఒకటే దారి. వెన్నులోకి సూది దింపి అయోడిన్ ఉన్న నూనెమందు ఎక్కించి, బల్లని అటూ ఇటూ వంచుతూ ఆ మందు ఎక్కడ ఆగిందో ఎక్స్‌రేలో చూసేవాళ్ళు. మయోడిల్ అని మందు పేరు. వెన్నుపాము కనిపించదు, దాని చుట్టూ పారిన మందు కనిపిస్తుంది, అంతే. ఆ మందు లోపలే ఉండిపోయి కొందరికి నరాల పొరల్లో వాపు తెచ్చి ఏళ్ళ తరబడి బాధపెట్టిందని తర్వాత తేలింది. ఇప్పుడు తాటిచెట్టు మీంచి పడ్డ మనిషిని ముందు సీటీ స్కానులో పెడతారు, ఎముక ముక్క ఎటు జరిగిందో నిమిషాల్లో తెలుస్తుంది. ఆ తర్వాత ఎంఆర్‌ఐ. ముక్క వెన్నుపామును నొక్కుతోందా, అందులో రక్తం చేరిందా, ఉత్త వాపేనా అన్నది అది చెబుతుంది. ఒక మిషను ఎముకకి, ఇంకొకటి ఎముక కాపాడుతున్న మెత్తటిదానికి. రెండూ కావాలి.

రేపల్లెలో మా అమ్మమ్మకి కుడిభుజం నొప్పి. నాట్లు, కలుపులు, కుప్పలు వేయడం, వడ్లు తూర్పారబట్టడం, అన్నీ ఆ చేత్తోనే చేసిన మనిషి. చెయ్యి పైకి లేవక జడ ముడి వేసుకోలేకపోయేది, మా అమ్మ వెళ్ళినప్పుడల్లా వేసేది. తెనాలి తీసుకొచ్చి ఎక్స్‌రే తీశారు. ఎముక భేషుగ్గా ఉంది. ఫిల్ము చూసిన పెద్ద డాక్టరొకాయన "ఏం లేదు, వయసు" అన్నాడు. ఆ మాట ఇంటికొచ్చేసరికి వేరేగా మారిపోయింది. ఫొటోలో ఏం లేదట, ఊరికే అంటోందట. మా వాళ్ళే అన్నారు ఆ మాట. అమ్మమ్మ తర్వాత భుజం ఊసు ఎత్తడం మానేసింది. నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. మామయ్య ఒక్కడే ఒప్పుకోలేదు. "నేను తీసింది ఎముకకే అక్కయ్యా. కండనరం తెగితే నా ఫిల్ములో పడదు. ఏం లేదనడానికి మనకేం హక్కుంది?" అని మా అమ్మతో వాదించాడు.

భుజంలో బంతి ఎముకని కప్పి, చెయ్యెత్తడానికి పట్టులాగే స్నాయువులు ఉన్నాయి. ఏళ్ళ తరబడి బరువు మోసి మోసి అవి పీచులు పీచులుగా తెగుతాయి. అమ్మమ్మకి జరిగింది అదే అయ్యుంటుందని నా నమ్మకం. వరిపొలాల్లో పనిచేసిన ఎంతమంది ఆడవాళ్ళు ఆ శుభ్రమైన ఫిల్ము పట్టుకుని, నోరు మూసుకుని రైలెక్కి వెళ్ళిపోయారో! ఇవాళ దానికి అల్ట్రాసౌండు చాలు. జెల్లీ రాసి భుజం మీద పరికరం పెట్టి, "చెయ్యెత్తండమ్మా" అంటే, కదిలే స్నాయువు కదులుతుండగానే తెరమీద కనిపిస్తుంది. తెగిన చోట ఖాళీ. రేడియేషన్ లేదు, ఖర్చు తక్కువ, నొప్పి ఎక్కడో చెబుతుంటే అక్కడికే పరికరం జరపొచ్చు. శబ్దతరంగం ఎముక దగ్గర మాత్రం తిరిగొచ్చేస్తుంది, దాని లోపలికి దారి ఉండదు. ఎక్స్‌రేకి చేతకానిది దీనికి చేతనవుతుంది, దీనికి చేతకానిది ఎక్స్‌రేకి.

మెత్తటిది ఎక్స్‌రేలో పడదన్న మాటకి మామయ్య సొరుగులో ఒక ఎదురు సాక్ష్యం ఉండేది. గుంటూరు రోజుల్లో దాచుకున్న ముంజేతి ఫిల్ము. కనిగిరి, పొదిలి, దర్శి వైపు బావుల నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. 1937లోనే షార్ట్ అనే వైద్యుడూ ఆయన తోటివాళ్ళూ అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో దానివల్ల వచ్చే ఎముకల జబ్బును గుర్తించి రాశారు. ఆ ఫిల్ములో ఎముక మామూలుకంటే చిక్కటి తెలుపు. ముంజేతి రెండు ఎముకల మధ్య ఉండే పల్చటి పొర, ఎప్పుడూ కనపడనిది, ముళ్ళు ముళ్ళుగా తెల్లబడి ఉంది. లిగమెంట్లకి సున్నం పట్టి ఎముకై కూర్చుంటే, మనిషి వెన్ను వంగక, మెడ తిరక్క బిగుసుకుపోతాడు. మెత్తటిది ఎక్స్‌రేలో ఇంత బాగా కనిపించడమంటే అది మెత్తగా ఉండటం మానేసిందనే. మామయ్య దాన్ని నాకు ఒక్కసారే చూపించి లోపల పెట్టేశాడు.

రేపల్లెలో అమ్మమ్మ దగ్గరికి వెళ్ళే మా రైలు భట్టిప్రోలు మీదుగానే పోయేది. అక్కడి స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వి, శాసనాలున్న రాతి పేటికలు బయటికి తీశాడు. బౌద్ధులు భద్రం చేసుకున్న ధాతువులు, అంటే అస్థికలు, వాటిలో ఉన్నాయని బళ్ళో చెప్పారు. రెండు వేల ఏళ్ళకి మిగిలేది ఎముకే గదా. కిటికీలోంచి ఆ దిబ్బ కేసి చూసినప్పుడల్లా నాకు ఫిల్ములే గుర్తొచ్చేవి.

1977 నవంబరు 19 తుపాను నాటికి నాకు పదేళ్ళు. రేపల్లె, బాపట్ల తీరాల్లో, ఎదుటి దివిసీమలో ఊళ్ళకి ఊళ్ళు కొట్టుకుపోయాయి, వేల మంది పోయారు. తెనాలిలో కరెంటు లేదు. రేపల్లె రైలు లేదు. గోడలు కూలి, పెంకులు మీదపడి, దూలాల కింద నలిగినవాళ్ళు లారీల్లో ఎడ్లబళ్ళలో వస్తూనే ఉన్నారు. మిషను మూగబోయింది. డాక్టరు గారూ మామయ్యా లాంతరు వెలుగులో చేతుల్తోనే చూశారు. ఎముక పొడవునా వేళ్ళతో తడుముతూ పోవడం, అరికాలి వైపు నుంచి మెల్లగా నొక్కి మనిషి ముఖం చూడటం, కాలి వేళ్ళు కదపమనడం, పాదం మీద నాడి అందుతోందా అని చూడటం. వెదురు బద్దలు చీల్చి కట్లు కట్టారు. కట్టుబద్దలకి గుడ్డలు చింపే పని మా ఇంటి ఆడవాళ్ళది, నాది. కరెంటు వచ్చాక ఆ కట్లమీదే మళ్ళీ ఫిల్ములు తీస్తూ, చేతికి తెలిసింది ఎంత, తెలియనిది ఎంత అని మామయ్య ఒక్కొక్కటే సరిచూసుకున్నాడు.

స్కానింగు అనే మాట మా ఊరికి పత్రికల్లోనే ముందు వచ్చింది. లండన్‌లో ఒక ఆస్పత్రిలో 1971 అక్టోబరులో మొదటి సీటీ తీశారు. 1979లో దానికి హౌన్స్‌ఫీల్డ్, కార్మాక్‌లకి నోబెల్ ఇచ్చారని చదివి, మామయ్య ఆ కాగితం కత్తిరించి చీకటిగది తలుపుకి అంటించాడు. నీళ్ళకి సున్నా, గాలికి మైనస్ వెయ్యి, గట్టి ఎముకకి వెయ్యికి అటూ ఇటూ అని ఒంట్లో ప్రతి చుక్కకీ ఒక అంకె ఇచ్చే పద్ధతి అది. నీడ మీద నీడ పడే బాధ లేదు. మా వైపు వాళ్ళకి అది కావాలంటే అప్పట్లో మద్రాసో వేలూరో పోవాలి. ఎన్.టి. రామారావు పిలుపు మీద కాకర్ల సుబ్బారావు గారు అమెరికా నుంచి వచ్చి హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రికి మొదటి డైరెక్టర్ అయినప్పుడు మామయ్య సంబరం అంతా ఇంతా కాదు. మాకు కృష్ణ అవతల పెదముత్తేవిలో 1925లో పుట్టిన మనిషి, పైగా ఎముకల ఎక్స్‌రేలు చదవడంలో పేరుమోసిన రేడియాలజిస్టు. "ఫిల్ము చదివేవాడు కూడా పెద్ద డాక్టరేనని జనానికి ఇప్పుడు తెలుస్తుంది" అన్నాడు. నేను రేడియాలజీ వైపు వెళ్ళడానికి ఆ మాటా ఒక కారణమే.

మొట్టమొదట ఎంఆర్‌ఐ బొమ్మ చూసినప్పుడు నాకు లోకం తిరగబడ్డట్టయింది. ఎక్స్‌రేలో తెల్లగా మెరిసే ఎముక గోడ అందులో నల్లటి గీత. లోపలి మజ్జ, కొవ్వు ఉన్నందువల్ల, వెలుగుతోంది. మిషను వెతికేది హైడ్రోజన్ని, అంటే నీటినీ కొవ్వునీ. గట్టి ఎముకలో కదిలే నీరు దాదాపు లేదు, అందుకే నలుపు. మిషనులో ఉన్నది అయస్కాంతం, సాధారణంగా 1.5 టెస్లా, భూమి అయస్కాంతానికి ముప్పై వేల రెట్లు. రేడియేషన్ ఊసే లేదు. మోకాలి లిగమెంటు, నెలవంక ఆకారపు మెనిస్కస్, వెన్ను డిస్కు, ఎముక విరక్కపోయినా లోపల కమిలిన మజ్జ, ఇవన్నీ మామయ్య ఫిల్ములో ఖాళీగా మిగిలినవే.

కానీ ఇప్పుడు నా బాధ ఇంకోరకం. అమ్మమ్మ కాలంలో ఫిల్ములో లేదు గనక నొప్పే లేదన్నారు. ఇప్పుడు రిపోర్టులో ఉంది గనక నొప్పి దానివల్లే అంటున్నారు. నొప్పి లేని మామూలు మనుషుల నడుములు స్కాన్ చేసిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో లెక్కగట్టారు. ఇరవై ఏళ్ళవాళ్ళలోనే 37 శాతం మందికి డిస్కులు అరిగిన గుర్తులు ఉన్నాయి, ఎనభై ఏళ్ళకి 96 శాతం మందికి. ఆ అరుగుదలని పెద్ద అక్షరాల్లో రాసిన కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, ముఖంలో నెత్తురు చుక్క లేకుండా వస్తారు మా రేపల్లె వాళ్ళు. మామయ్య ఏ ఫిల్ము తీసినా ముందు అడిగేవాడు, "ఒక్క వేలితో చూపించు, ఎక్కడ?" అని. ఆ వేలు చూపించిన చోటుకి కాగితంలో రాసింది సరిపోతుందా అన్నది ఎవరో ఒకరు కూర్చుని చూడాలి. అది చూడకుండా బొమ్మ మీద బొమ్మ తీయిస్తూ పోతే డబ్బు పోతుంది, భయం మిగులుతుంది.

మొన్న బాపట్ల నుంచి పిన్ని వీడియో కాల్ చేసింది. మోకాలి గుజ్జు అరిగిపోయింది, వెంటనే ఎంఆర్‌ఐ తీయించాలి అన్నారట.

"ఎక్స్‌రే తీశారా పిన్నీ?"

"తీశారే. అందులో బాగానే ఉందన్నారు."

"నిలబెట్టి తీశారా, పడుకోబెట్టి తీశారా?"

"పడుకోబెట్టే."

గుజ్జు ఎక్స్‌రేలో కనిపించదు, కానీ మనిషి బరువు కాళ్ళ మీద పడితే రెండు ఎముకల మధ్య సందు ఎంత మిగిలిందో కనిపిస్తుంది. పడుకున్న మనిషికి ఆ సందు తెరుచుకునే ఉంటుంది. ఫోను కిందికి దించి, నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమన్నాను. మోకాలి కీలు మీద కాదు, లోపలివైపు రెండు అంగుళాల కింద పెట్టింది వేలు. అక్కడ తొడ కండరాల స్నాయువులు వచ్చి కాలి ఎముకకి అంటుకుంటాయి.

"రేపు మళ్ళీ వెళ్ళి రెండు కాళ్ళ మీదా నిలబడి ఎక్స్‌రే తీయించుకో. ఇప్పుడు వేలు పెట్టావే, అక్కడ అల్ట్రాసౌండు చెయ్యమని అడుగు. ఎంఆర్‌ఐ సంగతి అవి చూశాక మాట్లాడదాం."

"అడిగితే కోప్పడరూ?"

"కోప్పడితే నాకు ఫోన్ ఇవ్వు" అన్నాను.